ఎర్ర గుడ్డ కట్టిన డబ్బా

మా బావ గురించి మంచిగా చెప్పమంటే నాకు చేతకాదు. ఉన్నది ఉన్నట్టు చెప్పమంటే చెబుతాను. ఆయన బోటు ఇంజిన్ల మేస్త్రి. సరదాగా నీళ్ల మీద తిరగడానికి వచ్చేవాళ్లని ఎక్కించుకునే రేవులో ముప్పయ్యేళ్లుగా పనిచేస్తున్నాడు. అదే రేవులో టికెట్లిచ్చే గది నాది. బావంటే మా అక్క మొగుడు. వాళ్లింట్లోనే మేడమీద గదిలో ఉంటాను. నాకు పెళ్లి కాలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే, దాని నోటికి జడిసి ఎవడూ రాలేదని బావే జవాబు చెప్పేస్తాడు, నన్ను ఆ నోరు తెరవనివ్వకుండా.

రేవులో అందరూ ఆయన్ని ముక్కు మేస్త్రి అనేవారు. అది వెక్కిరింపు కాదు, బిరుదు. మాకు ఆరు బోట్లున్నాయి. ఒక్కోదాంట్లో పన్నెండు మంది పడతారు. అన్నిటికీ వెనకాల పెట్రోలు ఇంజిన్లే, అన్నీ పాతవే. ఇంజిన్ పక్కన ఒక పెట్రోలు డబ్బా, దాన్నుంచి ఇంజిన్‌కి ఒక రబ్బరు పైపు, పైపు మధ్యలో గుప్పెట్లో పట్టేంత రబ్బరు బుడ్డి ఉంటాయి. బుడ్డిని నాలుగుసార్లు నొక్కితే పెట్రోలు ఇంజిన్‌లోకి ఎక్కుతుంది. పొద్దున ఏడింటికి బావ డబ్బాల ముందు గొంతుక్కూర్చునేవాడు. ఒక్కొక్కదాని మూత తీసి, కళ్లు మూసుకుని, ముక్కు ఆనించి ఒక్కసారి పీల్చేవాడు. బాగుంటే డబ్బా పిడికి ఎర్ర గుడ్డ పేలిక కట్టేవాడు. బాగోలేకపోతే కాలితో పక్కకి నెట్టేవాడు. ఎర్ర గుడ్డ లేని డబ్బాకి పైపు తగిలించే ధైర్యం ఏ డ్రైవరుకీ ఉండేది కాదు. ఎర్ర గుడ్డ ఉన్న డబ్బాని మళ్లీ మూత తీసి చూసే అవసరం కూడా ఎవరికీ కలగలేదు.

"ఇది నిన్న పట్టింది కాదు, నెల కిందటిది," అనేవాడు. "ఇది బంకు ట్యాంకు అడుక్కంటా తోడి పోశారు," అనేవాడు. వెళ్లి అడిగితే నిజమయ్యేది. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్లో చాలావరకు ఆల్కహాల్ కలిపిందే. రోడ్డు మీద రోజూ తిరిగే బండ్లకి అది బాగానే అరుగుతుంది. బోటు సంగతి వేరు. నీళ్ల మీద ఉన్న డబ్బాలోకి గాలిలో తేమ చేరుతూనే ఉంటుంది. ఆల్కహాల్ ఆ తేమని పిలిచి మరీ పీట వేసి కూర్చోబెడుతుంది. అది మితిమీరాక రెండూ ఒకటై, పెట్రోల్ని పైన వదిలేసి డబ్బా అడుక్కి దిగిపోతాయి. ఇంజిన్ పైపు పీల్చేది అడుగునుంచే. డబ్బా నిండా పెట్రోలు ఉంటుంది, ఇంజిన్ మాత్రం నీళ్లు తాగి చస్తుంది. పైగా పాతకాలం రబ్బరు పైపుల్ని ఆ ఆల్కహాల్ కొరుక్కు తినేస్తుంది. అందుకని బావ పక్కనే ఉన్న బంకుని కాదని, పంతొమ్మిది కిలోమీటర్ల దూరంలో ఆల్కహాల్ కలపని పెట్రోలు అమ్మే బంకునుంచే ఆటోలో తెప్పించేవాడు.

ఒకసారి సొంత బోటున్న పెద్దమనిషి ఒకాయన, బంకులో అన్నిటికన్నా ఖరీదైన రకం పెట్రోలు పట్టించుకొచ్చి, "ఇది పోస్తే స్పీడు పెరుగుతుందా మేస్త్రీ?" అని అడిగాడు.

"మీ ఇంజిన్ పుస్తకంలో ఏ నంబరు పెట్రోలు వాడమని రాశారండీ?"

"ఎనభై ఏడు."

"తమరు తెచ్చింది?"

"తొంభై ఏడు."

"అయితే తమరి జేబు బరువు తగ్గింది కదండీ. ఆ మేరకు బోటు తేలిగ్గానే పోతుంది," అన్నాడు బావ. ఆ పెద్దమనిషి కూడా నవ్వక తప్పలేదు.

ఆ ముక్కు ఆయనకి ఊరికే రాలేదు. పనిలో చేరిన మొదటి ఏడాది, వానలో మూత సరిగా పెట్టని పీపాలోంచి పెట్రోలు పట్టి ఒక బోటులో పోశాడు. ఆ బోటు అలుగు దగ్గర ఆగిపోయింది. అలుగంటే సరస్సు నిండినప్పుడు నీళ్లు పొర్లి అవతలికి దూకే గోడ. అవతల మూడు నిలువుల లోతు, కింద బండలు. బోటు వెళ్లి గోడకి కొట్టుకుంది. కంగారులో గోడ మీదికి దూకబోయిన ఒక అమ్మాయి కాలు బోటుకీ గోడకీ మధ్యన పడి నలిగిపోయింది. ఆ అమ్మాయి మా అక్క. ఈయన రోజూ ఆసుపత్రికి వచ్చి గది బయట నిలబడేవాడు. పదకొండో రోజున మా నాన్న, "లోపలికి రావయ్యా, ఎన్నాళ్లని గుమ్మానికి కాపలా కాస్తావు?" అన్నాడు. ఆ వచ్చినవాడు మళ్లీ బయటికి పోలేదు. కాలు విరగ్గొట్టి చెయ్యి పట్టుకున్నాడని పెళ్లిలోనే అన్నాను నేను. అందరూ నవ్వారు. బావ నవ్వలేదు. అక్క ఇప్పటికీ కుంటుతుంది. ఆ అడుగుల చప్పుడు ఇంట్లో వింటూ, రేవుకొచ్చి డబ్బాలు వాసన చూసిన మనిషి ఆయన.

వాళ్లకి ఒక్కతే కూతురు. ఇరవై ఆరేళ్లది. రేవులో బోటు నడుపుతుంది. నేనంటే దానికి చిన్నప్పటినుంచీ ప్రాణం. తల్లికి చెప్పని మాటలు కూడా నాకు చెప్పేది. రెండేళ్ల కిందట అదెక్కడో నేర్చుకుని ఒక గాజు సీసా తెచ్చింది. సీసాకి కిందినుంచి రెండు వేళ్ల ఎత్తులో గీత గీసింది. గీత దాకా నీళ్లు పోయాలి. పైన, డబ్బా అడుగునుంచి పైపుతో పీల్చి తీసిన పెట్రోలు పోయాలి. మూత బిగించి బాగా కుదిపి పది నిమిషాలు కదలకుండా ఉంచాలి. నీళ్లు గీత దగ్గరే నిలిస్తే పెట్రోలు శుభ్రంగా ఉన్నట్టు. గీత దాటి పైకొస్తే అందులో ఉన్న ఆల్కహాలో తేమో వచ్చి నీళ్లలో చేరినట్టు.

"నాన్నా, రోజూ ఇది కూడా చేద్దాం," అంది.

"కళ్లజోడు పెట్టుకుని వాసన చూస్తారటే ఎక్కడైనా?" అన్నాడు బావ, డ్రైవర్లందరి ముందూ. రేవంతా ఘొల్లున నవ్వింది. అందరికన్నా పెద్దగా నవ్వింది నేనే. పిల్ల మూతి ముడుచుకుని సీసాని స్టోరు గదిలో పై అరమీద పెట్టేసింది.

కిందటి ఏడాది బావకి పెద్ద జ్వరం వచ్చింది. వారం రోజులు మంచం దిగలేదు. తగ్గాక చిక్కి సగమై రేవుకొచ్చాడు. మళ్లీ యథాప్రకారం డబ్బాలు, మూతలు, ఎర్ర గుడ్డలు. ఆ రోజుల్లోనే ఒక పొద్దున పొయ్యి మీద పాలు మాడి ఇల్లంతా కమురు కంపు. వంటింటి గుమ్మం పక్కనే కుర్చీలో కూర్చుని బావ పేపరు చదువుకుంటున్నాడు. అక్క కుంటుకుంటూ వచ్చి పొయ్యి ఆపింది. "ముక్కు మేస్త్రి ఇంట్లో పాలు మాడాయంటే నలుగురూ నవ్వరూ!" అన్నాను నేను. అక్క బావ వైపే చూసింది. బావ పేపరు దించలేదు.

నాకు తెలిసింది ఆ తర్వాత మూడు నెలలకి. టికెట్ల గది కిటికీలకి రంగు వేయడానికి పెయింటరు వచ్చాడు. అతని థిన్నరు డబ్బా అచ్చం మా పెట్రోలు డబ్బాలాగే ఉంది. దాన్ని మా డబ్బాల పక్కన దించి బ్రష్షుల కోసం వెళ్లాడు. తిరిగొచ్చి వెతుక్కుని, చివరికి దాన్ని ఎత్తుకుని నా కిటికీ దగ్గరికొచ్చాడు.

"అమ్మా, నా డబ్బాకి ఈ ఎర్ర గుడ్డ ఎవరు కట్టారు?"

మూత తీసి చూశాను. గజం దూరంనుంచే గుప్పుమనే కంపు. పసిపిల్లకైనా తెలిసిపోతుంది అది పెట్రోలు కాదని.

"గాలికి ఎగిరొచ్చి చుట్టుకుందేమోలే," అన్నాను.

"ముడి కూడా అదే వేసుకుందా అమ్మా?" అని నవ్వి వెళ్లిపోయాడు.

నాకు నవ్వు రాలేదు. ఆ పేలిక గుప్పెట్లో పెట్టుకుని, నేల తుడిచే ఫినాయిలు సీసా చేత్తో పట్టుకుని స్టోరు గదికి వెళ్లాను. బావ ప్లగ్గులు తుడుచుకుంటున్నాడు.

"కళ్లు మూసుకో బావా."

"ఏంటే పొద్దున్నే నీ వేషాలు?"

"మూసుకోమన్నానా?"

మూసుకున్నాడు. సీసా మూత తీసి ముక్కు కింద పెట్టాను. అలవాటు ప్రకారం నెమ్మదిగా పీల్చాడు. కనుబొమలు కూడా కదలలేదు.

"ఏంటిది?" అని అడిగాను.

మళ్లీ ఒకసారి పీల్చాడు. "నీళ్లు," అన్నాడు.

తర్వాత కళ్లు తెరిచి నా చేతిలో సీసా చూశాడు. పక్కనే నేను పడేసిన ఎర్ర గుడ్డ చూశాడు. ఎప్పుడూ మాటకి మాట అప్పజెప్పే మనిషి, ప్లగ్గు తీసి మళ్లీ తుడవడం మొదలుపెట్టాడు. అది అప్పటికే తళతళ మెరుస్తోంది.

"జ్వరం తగ్గినప్పటినుంచీ ఏమీ లేదే," అన్నాడు చివరికి. "అన్నం వాసన లేదు. సబ్బు వాసన లేదు. మీ అక్క పక్కన కూర్చున్నా ఎవరి పక్కనో కూర్చున్నట్టుంది. డాక్టరు దగ్గరికెళ్లాను. వస్తే రావచ్చు, రాకపోతే లేదన్నాడు."

"మరి మూడు నెలలుగా ఏం చూసి గుడ్డలు కడుతున్నావు?"

"ఆ బంకు మంచిదే కదా. వేళ్ల మీద పోసుకుని ఎంత తొందరగా ఆరుతుందో చూస్తున్నా. రంగు చూస్తున్నా."

"అంటే దేవుడి మీద భారం వేసి బోట్లు పంపిస్తున్నావు."

"చెప్పకే," అన్నాడు. "మీ అక్కకి చెప్పకు. పిల్లకి అసలే చెప్పకు. ముక్కు పోయిన ముక్కు మేస్త్రి ఎందుకు పనికొస్తాడు, చెప్పు?"

నేను ఆయన్ని బావా అనడం మొదలుపెట్టిన ఇన్నేళ్లలో ఆయన నన్ను బతిమాలింది అదే మొదలు. నాకు కోపం వచ్చింది, అంతకన్నా ఎక్కువ జాలేసింది. ఆ జాలే నా కొంప ముంచింది. పై అరమీదికి చెయ్యి చూపించి, "ఆ సీసా దించు," అన్నాను.

ఆ మర్నాటినుంచి మాదొక రహస్యపు బతుకు. డబ్బాలు ముందురోజు సాయంత్రానికే స్టోరుకి చేరేలా బావ ఏదో సాకు చెప్పి ఏర్పాటు చేశాడు. పొద్దున ఆరింటికే ఇద్దరం వెళ్లి, తలుపు గడియ పెట్టుకుని, ఒక్కొక్క డబ్బా నుంచీ సీసాలో పోసి, కుదిపి, గీత వైపు చూస్తూ కూర్చునేవాళ్లం. ఏడింటికి డబ్బాలు బయట పెట్టాక, డ్రైవర్లందరూ చూస్తుండగా బావ కళ్లు మూసుకుని మళ్లీ పీల్చేవాడు. వాసన వచ్చే రోజుల్లో కన్నా ఇప్పుడే బాగా పీలుస్తున్నాడనిపించేది. నేను నా కిటికీలోంచి చూస్తూ, ఇందులో తప్పేముందిలే అనుకునేదాన్ని. డబ్బాలు మంచివే. పరువు నిలిచింది, ప్రాణాలకీ ముప్పు లేదు. అంత తెలివైనదాన్ని మరి నేను.

సెలవుల్లో ఒకరోజు జనం ఇసక వేస్తే రాలనట్టు వచ్చారు. మధ్యాహ్నం పన్నెండు కాకముందే పెట్రోలు అయిపోవచ్చింది. దూరపు బంకుకి వెళ్లిన ఆటో దారిలో ఎక్కడో చెడి ఆగిపోయింది. మూడు బోట్లు సరస్సు అవతలి ఒడ్డున విహారానికి దిగినవాళ్ల కోసం కాచుకుని ఉన్నాయి. ఒకటి ఆ పొద్దున్నే ఒక ట్రిప్పు వేసి చెడిపోయి ఒడ్డున ఉంది. రేవులో కదిలేవి రెండే. ఒకటి మా పిల్లది, ఒకటి నిదానం బాబాయిది. బాబాయంటే మాకు చుట్టం కాదు. పెద్ద డ్రైవరు, నిదానమే ప్రధానం అని రోజుకి పదిసార్లు అంటాడని ఆ పేరు.

"మా ఇంట్లో జనరేటరు కోసం దాచిన డబ్బాలు రెండున్నాయి," అన్నాడు బోట్ల ఓనరు. ఆయనే కారేసుకుని వెళ్లి పావుగంటలో తెచ్చాడు. అవి ఎన్నాళ్లనుంచి ఉన్నాయో, ఏ బంకువో ఆయన చెప్పలేదు. అడిగినా ఆయనకి గుర్తుండేది కాదు.

మా పిల్ల బోటులో అప్పటికే పన్నెండు మంది ఎక్కి కూర్చున్నారు. తగిలించిన డబ్బాలో పావు వంతే పెట్రోలుంది. దారిలో అయిపోతే మార్చుకోవడానికి రెండో డబ్బా కావాలి. ఓనరు డబ్బాలు దించి, "కానీ మేస్త్రీ, ముక్కు పెట్టు. జనం ఎండలో మాడుతున్నారు," అన్నాడు.

బావ స్టోరు గది తలుపు వైపు చూశాడు. తర్వాత నా కిటికీ వైపు చూశాడు. చుట్టూ ఓనరు, డ్రైవర్లు, వరసలో నిలబడ్డ జనం. సీసా తేవాలంటే ఎందుకని అడుగుతారు. ఆ ఎందుకుకి జవాబు చెప్పాల్సి వస్తుంది. నా చేతిలో అప్పుడే చింపిన పన్నెండు టికెట్ల సగాలు ఉన్నాయి. 'ఆగు బావా' అంటే చాలు. రెండే రెండు మాటలు. రేవంతా జడిసే నా నోరు, అవసరం లేనప్పుడల్లా లేచే నా నోరు, ఆ ఒక్కసారి పెగల్లేదు. ఆయన పరువు నా నోట పోకూడదనుకున్నాను. ఆయనే చెబుతాడేమో అనుకున్నాను. ఇంకేమనుకున్నా అవన్నీ తర్వాత నాకు నేను చెప్పుకున్న సాకులే.

బావ కళ్లు మూసుకుని రెండు డబ్బాలూ పీల్చాడు. ఎర్ర గుడ్డలు కట్టాడు. రెండోదానికి ముడి మొదటిసారి పడలేదు, మళ్లీ వేశాడు.

"వెళ్లొస్తా నాన్నా," అంది పిల్ల. డబ్బా వైపు చూడనైనా చూడకుండా ఎత్తి బోటులో పెట్టుకుంది. వాళ్ల నాన్న గుడ్డ కట్టాడు, ఇంక చూడాల్సిందేముంది?

ఆ వారం సరస్సు నిండుగా ఉంది. అలుగు మీద జానెడు నీళ్లు పొర్లుతున్నాయి. గాలి అటువైపే కొడుతోంది.

ముప్పావుగంట గడిచింది. రేవులో పనిచేసేవాళ్లు మాట్లాడుకుంటున్నా చెవులు ఇంజిన్ల మీదే ఉంటాయి. దూరంగా పిల్ల బోటు చప్పుడు ఆగింది. డబ్బా మారుస్తోంది కాబోలు అనుకున్నాం. మళ్లీ మొదలైంది. దగ్గినట్టు రెండుసార్లు ఆగి ఆగి, పూర్తిగా ఆగిపోయింది. బావ చేతిలో పానా కింద పెట్టాడు. అంతలో ఫోను మోగింది. ఆయన చేతులు నూనెగా ఉన్నాయని స్పీకరు నొక్కాడు.

"నాన్నా, కొత్త డబ్బా తగిలించాను. ఆగిపోయింది. బుడ్డి నొక్కుతూనే ఉన్నా, అందుకోవట్లేదు. గాలి అలుగు వైపు తోస్తోంది."

"లంగరు వెయ్యి."

"వేశాను. ఆనట్లేదు, జారుతోంది." వెనకాల ఎవరో పిల్లవాడు ఏడుస్తున్నాడు. "తొందరగా రండి నాన్నా."

నిదానం బాబాయి ఆ ఒక్కరోజు నిదానం మరిచిపోయాడు. అప్పటికే తన బోటులో దూకి, ఓనరు తెచ్చిన రెండో డబ్బాకి పైపు తగిలిస్తున్నాడు. అప్పుడు అరిచాడు బావ. ఆయన గొంతు అంత పెద్దదని నాకు అంతవరకూ తెలియదు.

"బాబాయ్, ఆ డబ్బా వద్దు!"

"ఎర్ర గుడ్డ నువ్వే కట్టావు కదా మేస్త్రీ!"

"కట్టాను. తెలీక కట్టాను. నాకు వాసన రాదు. జ్వరం వచ్చినప్పటినుంచీ రాదు. అది కూడా అలాంటిదే అయ్యుంటుంది. నువ్వు కూడా మధ్యలో ఆగిపోతే నా పిల్ల పోతుంది, పన్నెండు మంది పోతారు. అది తీసెయ్!"

బావ ఎవరి మొహమూ చూడలేదు. ఇంజిన్ విప్పి ఒడ్డున పడేసిన రిపేరు బోటు దగ్గరికి పరిగెత్తాడు. అందులో పొద్దున మేం సీసా పరీక్ష చేసిన డబ్బా ఒకటి సగం మిగిలుంది, ఆ హడావుడిలో అంతవరకూ ఎవరికీ గుర్తు రాలేదు. దాన్ని చంకన పెట్టుకుని వచ్చి బాబాయి బోటులో దూకాడు. ఇంజిన్ మొదటి లాగుకే అందుకుంది. బోటు వెళ్లిపోయింది.

నేను గదిలోంచి బయటికొచ్చాను. రేవు చెక్కల మీద అక్క నిలబడి ఉంది. రోజూలాగే మొగుడికి భోజనం క్యారేజీ తెచ్చింది. ఆయన అరిచిందంతా విన్నది. బల్ల మీద కూర్చోబెట్టాను. క్యారేజీ ఒళ్లోంచి దించలేదు.

"అక్కా, నాకు ముందే తెలుసు," అన్నాను. ఇంక దాచే ఓపిక లేదు.

"నాకూ తెలుసు," అంది అక్క, నీళ్ల వైపే చూస్తూ. "పాలు మాడిన రోజే తెలుసు."

"మరెందుకు అడగలేదే?"

"అడిగితే ఒప్పుకోవాలి కదా ఆయన. ఒప్పుకుంటే చచ్చిపోయినంత పని అవుతుంది కదా అని."

నాకు ఒళ్లు మండిపోయింది. తిడదామనుకున్నాను. ఏమని తిట్టను? తిట్టే మొహం నాకుంటే కదా. ఒకే మనిషి పరువుని ఇద్దరం చెరోవైపు మోస్తూ, ఆ బరువంతా తీసుకెళ్లి ఆ పిల్ల బోటులో పెట్టాం. అక్క చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది. నా చెయ్యి కూడా చల్లగానే ఉన్నట్టుంది, ఆమె రెండు చేతులతోనూ పట్టుకుంది.

గంటకి రెండు బోట్లూ తాడు కట్టుకుని వచ్చాయి. అలుగు ఇంకా పదిహేను బారల దూరం ఉందనగా లంగరు ఏదో బండకి తగులుకుని ఆగిందట. బాబాయి తర్వాత చెప్పాడు, ఆ లంగరు తాడు పిల్ల చేతుల్లోనే ఉందని, తాడు కట్టిన కొక్కెం ఊడుతుందేమోనని తనూ పట్టుకుని వెనక్కి వాలి ఉందని. ఆమె అరచేతుల చర్మం లేచిపోయింది.

జనం దిగారు. ఒకాయన ఓనరు కాలరు పట్టుకున్నాడు. ఒకావిడ పిల్లాణ్ని హత్తుకుని చెక్కల మీదే కూలబడింది. అందరూ దిగాక పిల్ల దిగింది. ఎర్ర గుడ్డ కట్టిన డబ్బాని మోచేతికి తగిలించుకుని తిన్నగా నా దగ్గరికి వచ్చి, మూత తీసి నా ముందు పెట్టింది. నేను వంగాను. పుల్లగా, పాత వార్నిష్‌లాంటి కంపు. జలుబు చేసినవాడికైనా తెలిసేది. దాన్ని ఓనరు మోశాడు, పిల్ల మోసింది, బాబాయి దాని జంటకి పైపు తగిలించాడు. బావ తప్ప ఎవరూ మూత తీసి చూడలేదు, గుడ్డ కట్టి ఉంది కాబట్టి.

"నాన్న దారిలో చెప్పాడు," అంది పిల్ల. "నాన్న సంగతి నేను చూసుకుంటాను. నీకు ముందే తెలుసా పిన్నీ?"

"తెలుసు."

"నేను బోటు తీసేటప్పుడు కూడా?"

"తెలుసే."

"పన్నెండు టికెట్లు చింపావు కదా," అంది. అరవలేదు. అరిచి ఉంటే నాకు బాగుండేది. అమ్మని లేవదీసుకుని, ఆ చేతులతోనే క్యారేజీ పట్టుకుని ఇంటికి తీసుకెళ్లింది.

రేవు రెండు వారాలు మూతపడింది. పైనుంచి మనుషులొచ్చి చూసి, రాసుకుని వెళ్లారు. బావని తీసేద్దామనుకున్నాడు ఓనరు. అయితే డబ్బాలు తెచ్చిన తమరిని ఎవరు తీసేస్తారండీ అని నిదానం బాబాయి నిదానంగా అడిగాడు. మళ్లీ తెరిచాక పెట్రోలు చూసే పద్ధతి మారింది. సీసాలు ఇప్పుడు నాలుగున్నాయి, రేవులో అందరికీ కనబడేలా ఒక చెక్క మీద. బావ పోసి, కుదిపి, పది నిమిషాలు కూర్చుంటాడు. ఓనరు తొందరపెట్టినా లేవడు. వచ్చినవాళ్లు ఇదేంటని అడిగితే, "నాకు వాసన తెలీదండీ, అందుకని," అని తనే చెబుతాడు. ఆ మాట ఇప్పుడు ఆయన నోట సులువుగానే వస్తోంది. ఇంత సులువైన మాట కోసమా ఇంత జరిగింది అని నాకు ఏడుపొస్తుంది. పిల్ల వచ్చి ప్రతి డబ్బా మూత తీసి తనూ వాసన చూస్తుంది. గుడ్డ కట్టేది అదే. జనం ఆయన్ని సీసా మేస్త్రి అంటున్నారు. ఆయన పలుకుతున్నాడు.

నెల తిరిగేసరికి తండ్రీ కూతుళ్లు మళ్లీ మామూలయ్యారు. ఒకరినొకరు వెక్కిరించుకుంటున్నారు. అక్క కాలికి మర్దనా చేయడానికి ఆయనా, ఆయన అన్నం మీద నెయ్యి వాసన ఎలా ఉందో చెప్పడానికి అక్కా ఉన్నారు. నాతో కూడా పిల్ల బాగానే ఉంటుంది. తిన్నావా పిన్నీ అంటుంది. తలనొప్పిగా ఉందంటే మాత్ర తెచ్చి పెడుతుంది. చెప్పుకునే మాటలు మాత్రం ఇప్పుడు నాకు చెప్పుకోదు.

ప్రతి ట్రిప్పుకీ ముందు, జనం ఎక్కి కూర్చున్నాక, అది నా కిటికీ దగ్గరికి వస్తుంది. టికెట్ల సగాలు లెక్కపెట్టి తీసుకుంటుంది. అరచేతుల మీద తాడు మచ్చలు ఇంకా పోలేదు. నా మొహంలోకి చూసి, "ఇంకేమైనా చెప్పాలా పిన్నీ?" అని అడుగుతుంది.

"ఏమీ లేదమ్మా," అంటాను.

వెంటనే వెళ్లదు. కాసేపు అలాగే నిలబడి నా మొహం చూస్తుంది. అప్పుడు వెళ్లి బోటు తీస్తుంది. రోజుకి ఆరు ట్రిప్పులు. ఆరుసార్లూ అడుగుతుంది.